మిట్టమధ్యాహ్నం పడుకునే సోలార్: తప్పు ఇన్వర్టర్‌ది కాదు

మే నెల, పన్నెండు దాటింది, డాబా మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండ. సరిగ్గా అప్పుడే పాలకొల్లు పక్క పల్లెలో మా బావమరిది ఇంటి సోలార్ ఇన్వర్టర్, అంటే డాబా మీది పలకల కరెంటుని ఇంటికీ లైనుకీ పనికొచ్చేలా మార్చే పెట్టె, ఎర్ర లైటు వేసుకుని కూర్చుంటుంది. గ్రిడ్ ఓవర్ వోల్టేజ్ అట. కాసేపాగి మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది, మూడు దాటాక బుద్ధిగా నడుస్తుంది. పెట్టించుకున్నది 3 కిలోవాట్లు. మంచి ఎండ రోజున 12 యూనిట్ల దాకా రావాలి, అందులో దగ్గర దగ్గర సగం ఆ మూడు గంటల్లోనే వచ్చేది. "సూర్యుడికి కూడా కరెంటు కోతేనా బావా" అంటాడు. బిగించినవాళ్లకి ఫోన్ చేస్తే "మిషన్ బానే ఉందండీ, లైన్లో వోల్టేజ్ ఎక్కువొస్తోంది, సెట్టింగ్‌లో లిమిట్ పెంచేస్తాం" అన్నారు.

ఆ పెంచేయడం దగ్గరే నా పేచీ.

ఇంటి మీద సోలార్‌కి కేంద్రం పెట్టిన సూర్యఘర్ పథకం, 78,000 రూపాయల సబ్సిడీ సంగతులు అందరికీ తెలిసినవే, మళ్లీ చెప్పను. ఎవరూ చెప్పనిది ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. మన ఇంటికి రావాల్సింది 230 వోల్టులు, దాని మీద 10 శాతం కలిపితే 253, అది దాటితే ఇన్వర్టర్ ఆగిపోవాలి. మరి ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ పలక మీద ఏం రాసుంటుంది? 433 అని. అది ఫేజుకీ ఫేజుకీ మధ్య లెక్క, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య చూస్తే 250. అంటే లోడు లేనప్పుడు గట్టుకి మిగిలింది మూడు వోల్టులే! ఇది ఎవరో పొరపాటున చేసింది కాదు. శివారుకి చేరేలోపు తగ్గుతుంది కాబట్టి తల దగ్గరే కాస్త ఎక్కువ వదలాలని కాలువల్లో చేసినట్టే కరెంటులోనూ చేశారు. ఇన్నాళ్లూ బాగానే నడిచింది. ఇప్పుడు శివారు ఇల్లే నీళ్లు తోడి కాలువలోకి పోస్తోంది, కాలువలోకి పోయాలంటే మన మట్టం కాలువ మట్టం కంటే ఎత్తులో ఉండాలి కదా, ఇన్వర్టర్ చేసేదీ అదే, లైను వోల్టేజ్ కంటే తనది కొంచెం పైకి లేపితే గానీ కరెంటు బయటికి వెళ్లదు.

మన డెల్టాలో దీనికి ఇంకో మెలిక ఉంది. భీమవరం చుట్టుపక్కల కరెంటు లైన్ల మీద పెద్ద లోడు రొయ్యల చెరువుల ఏరియేటర్లది, అంటే నీళ్లని చిలికి గాలి కలిపే మోటార్లది. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది రాత్రి, పగలు ఎండకి నాచు కొంత ఆక్సిజన్ ఇస్తుంది, కాబట్టి రాత్రి తిరిగినన్ని ఏరియేటర్లు పగలు తిరగవు. పట్టుబడి అయిపోయిన చెరువులైతే అసలే తిరగవు. రాత్రి లైను కుంగిపోతుంది, మధ్యాహ్నం పొంగుతుంది. సోలార్ వచ్చేది మాత్రం పొంగే వేళకే.

దానికి తోడు మన తీగలు. స్తంభం నుంచి 40 మీటర్ల దూరాన ఇల్లు, 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీసు వైరు, దాంట్లోంచి 3 కిలోవాట్లు వెనక్కి పంపిస్తే ఆ వైరులోనే ఏడు వోల్టుల పైన పెరుగుతుంది. అదే 10 చదరపు మిల్లీమీటర్ల వైరైతే మూడు. ఉప్పుగాలికి చిలుమెక్కిన జాయింట్లు, ఊగే న్యూట్రల్ ఉంటే చెప్పనే అక్కర్లేదు. కాబట్టి లిమిట్ ముట్టుకునే ముందు సోలార్ నడుస్తున్నప్పుడే ఇన్వర్టర్ దగ్గరా, మీటరు దగ్గరా వోల్టేజ్ ఒకేసారి చూడండి. తేడా ఎక్కువుంటే మీ ఇంటి వైరింగ్ మార్చాలి. మీటరు దగ్గరే 250 దాటి ఉంటే సోలార్ ఆపి మళ్లీ చూడండి. బాగా పడిపోతే సర్వీసు వైరు సన్నమో, జాయింటు వదులో అయ్యుంటుంది, అప్పుడూ దిగకపోతే అది లైను జబ్బు, ఫిర్యాదు కరెంటోళ్ల 1912 నంబరుకి వెళ్లాలి. లిమిట్ పెంచడమంటే జ్వరమొస్తే థర్మామీటర్ గీతలు చెరిపేయడమే. వోల్టేజ్ 110 శాతం దాటితే 2 సెకన్లలో గ్రిడ్ నుంచి విడిపోవాలని 2013 నాటి కేంద్ర నిబంధనలు చెప్పింది ఊరికే కాదు, లిమిట్ పెంచాక లైను 265 దాకా ఎక్కితే అది మన ఫ్రిజ్‌కే కాదు, పక్కింటి పిన్నిగారి టీవీకీ వెళుతుంది. ఆవిడకి సబ్సిడీ కూడా రాలేదు.

కరెంటు ఆఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి మాటలోనూ నిజముంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్‌ని పైకీ కిందికీ మార్చే ట్యాప్ తగ్గిస్తే రాత్రి శివారు ఇళ్లకి 180 వస్తుంది, మోటార్లు కాలతాయి, తిట్లు మాకే అంటారు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు చాలావాటికి అసలు ట్యాపే ఉండదు. ఒప్పుకుందాం. కానీ వీధిలో ఐదు సోలార్ ఇళ్లూ ఒకే ఫేజు మీద ఎందుకున్నాయి? వాటిని మూడు ఫేజులకీ పంచడానికి లైన్‌మన్, నిచ్చెన, ఒక పూట చాలు.

పైగా డబ్బుల సాకు కూడా లేదు. 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించారు. 10 కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన లేకుండానే సోలార్‌కి అనుమతి, 5 కిలోవాట్ల దాకా అవసరమైతే లైను బలోపేతం డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, సొంత ఖర్చుతో చెయ్యాలి. మొదటి సగం అందరూ అమలు చేస్తున్నారు, ఎందుకంటే కనెక్షన్ల లెక్క పెరుగుతుంది, ఫొటో వస్తుంది. రెండో సగం అడిగినవాడు కనపడడు, చేసినవాడూ కనపడడు.

నాకు ఇదంతా కొత్తగా అనిపించదు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట కట్టినాయన్ని ఇప్పటికీ దండలేసి తలుచుకుంటాం, ఆ కాలువల చివర పూడిక తీసినవాడి పేరు ఏ ఊళ్లోనైనా చెప్పగలరా? డ్రెయిన్లలో గుర్రపుడెక్క పేరుకుని సార్వా చేలు మునుగుతాయి, 2022లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అన్నప్పుడు చెప్పిన కారణాల్లో ఆ డ్రెయిన్లూ ఉన్నాయి. కొత్తది పెట్టడానికి నిధులుంటాయి, ఉన్నదాన్ని చూసుకోవడానికి మనుషులుండరు, ఖాళీ అయిన లైన్‌మన్ పోస్టు మీద మాత్రం ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. నీళ్లకైతే కనీసం దాళ్వాలో వంతు రాలేదని రైతులు లాకు దగ్గరికి వెళ్లి నిలదీస్తారు. వోల్టేజ్‌కి లాకు ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

మా వాడు 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించుకున్నాడు, నాలుగు వోల్టులు దిగింది, ఇన్వర్టర్ ఆగిపోవడాలు సగానికి తగ్గాయి. మిగతా సగానికి ఫిర్యాదు పెట్టాడు. సమస్య పరిష్కరించబడింది అని మెసేజ్ వచ్చింది. స్తంభం ఎక్కినవాళ్లెవరూ లేరు. ఇప్పుడు రోజూ పన్నెండింటికి మీటరు ఫొటో తీసి దాచుకుంటున్నాడు, వినియోగదారుల ఫోరంలో వేస్తాడట.