బ్యాలెట్ పెట్టె గారికి ఓ ఓటరు విన్నపం

మహారాజశ్రీ బ్యాలెట్ పెట్టె గారికి, విశాఖ జిల్లా పద్మనాభం మండలం ఓటరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

2021 ఏప్రిల్ 8న తమరి నోట్లో రెండు కాగితాలు వేశాం. ఎంపీటీసీకి (మండల పరిషత్తు సభ్యత్వానికి) గులాబీది, జడ్పీటీసీకి (జిల్లా పరిషత్తు సభ్యత్వానికి) తెల్లది. స్వస్తిక్ ముద్ర పక్క గుర్తుకు అంటితే ఓటు చెల్లదేమోనని ఉఫ్ ఉఫ్ అని ఊది, చంటిబిడ్డ లాగుల్లా మడిచి మరీ వేశాం. తమరు నోరు విప్పింది సెప్టెంబరు 19న! ఈలోగా వేలిమీది సిరా గోరుతోపాటు పెరిగి పెరిగి గోళ్లకత్తెర పాలైంది.

తప్పు తమరిది కాదులెండి. పోలింగుకు నాలుగు వారాల ముందే ఎన్నికల కోడ్ పెట్టాలన్న సుప్రీంకోర్టు మాట పాటించలేదని హైకోర్టు సింగిల్ జడ్జి మే నెలలో ఎన్నికే రద్దు చేశారు. సెప్టెంబరు 16న అదే కోర్టు డివిజన్ బెంచ్ లెక్కపెట్టుకోమంది. అన్నాళ్లూ తమరు స్ట్రాంగ్ రూంలో పోలీసు కాపలాతో హాయిగా పడుకున్నారు. టెన్షనంతా మాకే. నిలబడ్డాయన టీకొట్టు దగ్గర కనిపిస్తే "ఏటి బావా, మెజారిటీ ఎంతొస్తాదేటి?" అని అడిగేవాళ్లం. పాపం, టీ తాగకుండానే వెళ్లిపోయేవాడు.

పోటీలో లేమని టీడీపీ ప్రకటించినా సైకిల్ గుర్తు బ్యాలెట్ మీద ఉండనే ఉంది. నామినేషన్లు 2020 మార్చివి మరి! కరోనా వచ్చి ఎన్నిక ఆగింది గానీ కాగితాలు ఆగలేదు.

చివరికి ఓట్లను పాతికేసి చొప్పున కట్టలు కట్టి లెక్కేస్తే, 39 జడ్పీటీసీల్లో ముప్పైకి పైగా వైసీపీ ఫ్యానే తిరిగింది. అనంతగిరిలో మాత్రం సీపీఎం గెలిచింది. 25న ముంచింగిపుట్టు సభ్యురాలు సుభద్ర గారు జడ్పీ చైర్‌పర్సన్ అయ్యారు. హమ్మయ్య, మనకూ ఓ పరిషత్తు ఉందనుకున్నామా, 2022 ఏప్రిల్ 4న జిల్లాయే మూడు ముక్కలైంది. ముంచింగిపుట్టు అల్లూరి జిల్లాకు పోయింది, మేం విశాఖలో మిగిలాం, జడ్పీ మాత్రం ఉమ్మడిగానే ఉండిపోయింది. దాని ఆఫీసేమో ఈ ఎన్నికలో ఓటే లేని నగరం నడిబొడ్డున!

వచ్చేసారి మళ్లీ తమరికి అంత దీర్ఘ నిద్ర రాసిపెట్టి ఉంటే, ఓటుతోపాటు తలా ఓ కలరా ఉండ వేయడానికి అనుమతి ఇప్పించగలరు. చెదల బెడదైనా తప్పుతుంది.

ఇట్లు,
గోళ్లు తీసుకున్న ఓటరు