కల్ట్ క్లాసిక్ గారికి, ఇంటర్వెల్‌కే లేచొచ్చినవాడు వ్రాయునది

మహారాజశ్రీ కల్ట్ క్లాసిక్ గారి సముఖానికి,

గుంటూరు నుంచి ఒక పాత ప్రేక్షకుడు వ్రాయు లేఖార్థములు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. ఆడని సినిమాకి ఏళ్ళ తర్వాత జనం తగిలించే బిరుదు కదా మీరు, మీ దయవల్ల ఒకప్పుడు మేం తన్ని తరిమేసిన సినిమాలు కూడా క్షేమం. వాటిని తీసిన నిర్మాతల క్షేమసమాచారాలే తెలియడం లేదు. మీరొచ్చి తలుపు తట్టేసరికి వాళ్ళు ఆ ఇల్లు అమ్మేసి ఉంటున్నారు.

మా చుట్టాల్లో ఒకాయన ఉండేవాడు. మనిషి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అటువైపు తొంగిచూసేవాడు కాదు. పెద్దకర్మ నాడు మాత్రం అందరికంటే ముందొచ్చి, ఫొటోకి దండేసి, పటం ముందు ఓ నిమిషం కళ్ళు మూసుకుని, "ఎంత మంచి మనిషండీ, ఉన్నప్పుడు మనమే గుర్తించలేకపోయాం" అంటూ విస్తరి ముందు కూర్చుని మూడో గారె అందుకునేవాడు. మీ గురించి విన్న కొత్తలో ఈ పోలిక ఎక్కడో చూశానే అనుకున్నాను. ఎక్కడో కాదు, మా బంతిలోనే.

2010 సంగతి గుర్తుందా? మీకెందుకుంటుంది, అప్పుడు మీరు రాలేదుగా. నాకుంది. ఏప్రిల్‌లో 'ప్రస్థానం', జూన్‌లో 'వేదం', అక్టోబరులో 'ఖలేజా', నవంబరులో 'ఆరెంజ్'. అన్నీ ఒక్క ఏడాదిలోనే. ఇవాళ ఎవడు 'అండర్‌రేటెడ్ తెలుగు సినిమాలు' అని జాబితా రాసినా వీటిలో కనీసం మూడుంటాయి. ఆ ఏడాది నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. సబ్జెక్టులు మిగిలాయేమో గాని, సినిమాలు మిగల్లేదు. ఈ నాలుగింటినీ మొదటి వారంలోనే చూసి, నాలుగింటినీ పూడ్చిపెట్టడంలో నా వంతు మట్టి నేనూ వేశాను.

'ఖలేజా' మొదటి ఆటకి చొక్కా గుండీలు రెండు పోగొట్టుకుని టికెట్టు సంపాదించాం. 'అతడు' తీసిన త్రివిక్రమ్, చేసిన మహేశ్ బాబు మళ్ళీ కలిశారాయె. పైగా మూడేళ్ళుగా హీరో తెరమీద లేడు. ఆకలి మీద ఉన్నాం. పులిహోర కోసం ఆకు పరుచుకుని కూర్చున్నవాడికి పాయసం వడ్డిస్తే ఎలా ఉంటుందో అలా అయింది. 'పోకిరి'లో నోరు విప్పకుండా చంపినవాడు ఇక్కడ టాక్సీ నడుపుతూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నాడు. తిట్లు తింటున్నాడు. ఊరు ఊరంతా నువ్వే దేవుడివని కాళ్ళమీద పడుతుంటే కాదు మొర్రో అంటున్నాడు. మా వరుసలో చివర కూర్చున్నవాడు, "ఇదేందిరా, మనోడు కామెడీ చేస్తన్నాడు!" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో మా మట్టుకు బొమ్మ పోయింది. ఇంటర్వెల్‌కి సైకిల్ స్టాండులో మేం చెప్పుకున్న టాకే మ్యాట్నీకి వచ్చినవాళ్ళు విన్నారు. మ్యాట్నీవాళ్ళు చెప్పింది ఫస్ట్ షోకి. పొద్దు గుంకేసరికి సినిమా సాగనంపేశాం.

తర్వాత దాన్ని కాపాడింది మీరు కాదు. టీవీ. ఆదివారం మధ్యాహ్నం పప్పూ ఆవకాయా తిని మంచమ్మీద వాలితే ఏ ఛానెల్లోనో వస్తూ ఉండేది. మొదటిసారి నిద్రలో చూశాం. రెండోసారి నిద్ర ఆపుకుని చూశాం. నాలుగోసారికి మా అమ్మకి కూడా డైలాగులు వచ్చేశాయి. టికెట్టు కొన్నప్పుడు రానిది, కొననప్పుడు వచ్చింది. డబ్బులు పెట్టలేదు కాబట్టి ఆశలూ పెట్టుకోలేదు, అంతే రహస్యం. అంతా అయ్యాక, 2025 మే 30న మళ్ళీ విడుదలైనప్పుడు మీరు మేళతాళాలతో దిగారు. విజయవాడలో ఒక అభిమాని సినిమాలో హీరోలాగే పామును పట్టుకుని హాల్లోకొచ్చాడని వార్తల్లో చూశాం. పదిహేనేళ్ళ కిందట మనుషులే రాని ఆటకి ఇప్పుడు పాములు కూడా వస్తున్నాయి. మీ మహిమ కాదంటారా?

ఆ రోజు వరుస చివర కూర్చున్నవాడు ఇప్పుడు బెంగుళూరులో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు. ఆ వారమే వాడు ఒక పోస్టు పెట్టాడు: "కాలం కంటే పదిహేనేళ్ళు ముందొచ్చిన సినిమా. అప్పటి జనాలకి అర్థం కాలేదు."

అప్పటి జనాలు! ఈ 'ముందొచ్చిన సినిమా' అనే మాట మీరే నేర్పారు కదా, అందుకని అడుగుతున్నాను. నా ఎరుకలో మా స్టేషనుకి ఏ రైలూ టైముకి రాలేదు. కరెంటు బిల్లు తప్ప మా ఇంటికి ఏదీ ముందు రాలేదు. సినిమాలు మాత్రం పదేళ్ళు, పదిహేనేళ్ళు ముందే వచ్చేస్తున్నాయట. అవి సరిగ్గానే వచ్చాయండీ. ఆలస్యంగా వచ్చింది మేము. ఆ మాట ఒప్పుకోవడానికి నామోషీ పడి, తప్పు క్యాలెండరు మీదకి తోశాం.

'ఆరెంజ్' సంగతి ఇంకా వింత. 'మగధీర'లో వందమందిని నరికిన కుర్రాడు దాని తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళి, ప్రేమ జీవితాంతం ఉండదు, ఉంటుందని అబద్ధం చెప్పను అని కూర్చున్నాడు. మా గుంటూరులో అబద్ధం ఆడమని అమ్మాయిలు కూడా అడగలేదు, ఈయనకొచ్చిన బాధేమిటని మేం విసుక్కున్నాం. హారిస్ జయరాజ్ పాటలు మాత్రం ఫోన్లో వేసుకుని హాస్టల్ మొత్తం తిరిగాం. నిర్మాత నాగబాబు ఆ దెబ్బకి ఆర్థికంగా ఎంత చితికిపోయారో ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. 2023 మార్చిలో రామ్‌చరణ్ పుట్టినరోజుకి మళ్ళీ వేస్తే హాళ్ళు ఊగిపోయాయి. పాటలన్నీ జనమే పాడారు. ఆ వసూళ్ళు జనసేన పార్టీ నిధికి వెళ్ళాయి. 2010లో రావలసిన డబ్బు 2023లో వచ్చి, ఇంకో గుమ్మంలోకి వెళ్ళిపోయింది. మీరు తెచ్చే సంభావన ఎప్పుడూ ఇంతే, అసలు మనిషి చేతిలో పడదు.

ఆ ఆటకి నేనూ వెళ్ళాను. సిగ్గులేకుండా వెళ్ళాను. పక్కసీటులో ఇరవై ఏళ్ళ కుర్రాడు. సినిమా విడుదలైనప్పుడు వాడికి ఏడేళ్ళుంటాయేమో. ఒక పాట అయ్యాక చెమట తుడుచుకుంటూ నావైపు తిరిగి, "అన్నా, దీన్ని ఎట్టా ఫ్లాప్ చేశారన్నా?" అన్నాడు. నేను క్షణం కూడా తడుముకోలేదు. "ఏమో తమ్ముడూ, జనాలకి ఎక్కలేదంట" అన్నాను.

ఆ కుర్రాళ్ళ మీద నాకేమీ ఫిర్యాదు లేదు. వాళ్ళు ఏ పాపమూ చేయలేదు, వాళ్ళకి పాత లెక్కలు లేవు, సినిమాని సినిమాలాగే చూశారు. నాది మీతోనే పేచీ. మీరొచ్చాక ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నిజం చెప్పాలంటే 'ఆరెంజ్' రెండో సగం అప్పుడూ సాగింది, ఇప్పుడూ సాగుతుంది. కానీ మీరు శాలువా కప్పాక ఆ మాట అనడానికి లేదు. అప్పుడు బాగున్నదాన్ని బాగుందంటే కొట్టేవాళ్ళు, ఇప్పుడు బాగాలేనిదాన్ని బాగాలేదంటే కొడుతున్నారు.

ఇదే నాగబాబు తన మొదటి సినిమాగా 1988లో 'రుద్రవీణ' తీశారు. బాలచందర్ దర్శకత్వం, ఇళయరాజా సంగీతం. జాతీయ సమైక్యతా చిత్రంగా నర్గీస్ దత్ అవార్డు వచ్చింది. డబ్బులు రాలేదు. మొన్న టీవీలో వస్తుంటే మా నాన్న రిమోట్ ఎవరికీ ఇవ్వకుండా కూర్చున్నాడు.

"అప్పుడే అన్నాన్రా, ఇలాంటి సినిమా మళ్ళీ రాదని. చిరంజీవి నటన చూడు. జనాలకి ఫైట్లు కావాలి, డాన్సులు కావాలి. రుచి తెలిసినవాడు ఎవడున్నాడు?"

వంటింట్లోంచి అమ్మ: "రుచి తెలిసినవారు మీరేగా! ఆ రోజు ఇంటర్వెల్‌కే నన్ను లేపుకొచ్చి, పిల్లాడు ఏడుస్తున్నాడని అందరికీ చెప్పారు. వాడు హాయిగా నిద్రపోతున్నాడు."

ఆ నిద్రపోతున్న పిల్లాణ్ణి నేనే. లేచి రావడం మాకు వంశపారంపర్యమని ఆ రోజే తెలిసింది. నాన్న రిమోట్ తీసి శబ్దం పెంచాడు.

మీ వంశం కూడా పాతదే, ఒప్పుకుంటాను. 1951లో బి.ఎన్.రెడ్డి గారి 'మల్లీశ్వరి' మొదటిసారి వచ్చినప్పుడు పేరు వచ్చినంతగా పైకం రాలేదు. మళ్ళీ మళ్ళీ విడుదలైనప్పుడు జనం మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. కానీ ఆ రోజుల్లో మీరు కనీసం రీలు పెట్టెలో బస్సెక్కి వచ్చేవారు. హాలువాడికి నాలుగు రూకలు, బయ్యర్‌కి నాలుగు రూకలు చేతిలో పెట్టి వెళ్ళేవారు. ఇప్పుడు లైకులు పెట్టి వెళ్తున్నారు.

అసలు ఫిర్యాదు ఇంకా రాయలేదు. మీ చూపు గురించి. మీకు మధ్యాహ్నం ఎండలో కూడా స్టారు లేనివాడు కనపడడు. నేను పైన చెప్పిన నాలుగింటిలో మీరు హాళ్ళు ఊపింది ఏ రెండింటికో చూసుకోండి. 'వేదం'కి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ చిత్రం వచ్చింది, దర్శకుడు క్రిష్‌కీ, అల్లు అర్జున్‌కీ, అనుష్కకీ కూడా వచ్చాయి. అందులో అప్పు కోసం కిడ్నీ అమ్ముకోవడానికి సిరిసిల్ల నుంచి బయల్దేరిన నేత కుటుంబం ఉంది. ఆ ముసలాయన ముఖం తెరమీద కనపడినప్పుడు కాయితాలు చల్లిన అభిమానిని నేనైతే చూడలేదు. 'ప్రస్థానం'లో లోకనాథం నాయుడిగా సాయికుమార్ చేసింది ఇప్పుడు ముక్కలు ముక్కలుగా ఫోన్లో చూసి "నటన అంటే ఇదీ" అంటున్నాం. ముక్కలుగానే. పూర్తి సినిమా చూడటానికి రెండున్నర గంటలు ఎవడి దగ్గరుందండీ, మాకు అండర్‌రేటెడ్ జాబితాలు చదువుకోవాలి.

'రుద్రవీణ' వచ్చిన 1988లోనే బి.నర్సింగరావు 'దాసి' తీశారు. గడీలో దొర ఇంట వెట్టి చేసే ఆడమనిషి కథ. ఆ పాత్రకి అర్చనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు, ఛాయాగ్రహణానికి ఏ.కె.బీర్‌కి, కళా దర్శకత్వానికి మన తోట వైకుంఠానికి. ఆ సినిమాలో మాటలు తక్కువ. తలుపులు, మెట్లు, నడవా, ఆ నడవాలో ఆమె నడక. ఆ గడీ ఎంత పెద్దదో ఆమె ఊడుస్తున్నప్పుడు తెలుస్తుంది. మొదటి ఇరవై నిమిషాలు నాకు ఫోను వైపు చెయ్యి పోతూనే ఉంది. తర్వాత పోలేదు. దానికి మీరు ఎప్పుడొస్తున్నారు? మిడ్‌నైట్ షో ఎప్పుడు? పాలాభిషేకం ఎవరి కటౌటుకి చేద్దాం, చీపురుకట్టకా?

ఇంకొకటి. 1977లో మృణాల్ సేన్ కలకత్తా నుంచి వచ్చి తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ'. మూలం ప్రేమ్‌చంద్ హిందీ కథ 'కఫన్', అంటే శవానికి కప్పే గుడ్డ. తండ్రీ కొడుకులు. పనంటే గిట్టదు. ఇంట్లో కోడలు నొప్పులు పడుతూ చచ్చిపోతుంటే లోపలికి వెళ్ళి చూసేవాడు లేడు. పోయాక మాత్రం ఊరంతా తిరిగి, కఫనుకి గుడ్డ కొనాలని చందాలు పోగేస్తారు. మూలకథలో ఆ డబ్బులతో ఇద్దరూ కల్లంగడికి పోయి, తాగి, ఆ పోయినదాన్ని పొగడటం మొదలెడతారు. ఎంత మంచిది, పోయి కూడా మన కడుపు నింపింది అని.

కల్ట్ క్లాసిక్ గారూ, మా చుట్టం సంగతితో ఈ లేఖ మొదలెట్టేటప్పుడు నాకు ఈ కథ గుర్తులేదు. రాస్తూ రాస్తూ ఇక్కడికొచ్చేసరికి మాత్రం మిమ్మల్ని నేను ఏ అంగట్లో చూశానో తెలిసిపోయింది. పక్కన కూర్చుని పోయించుకుంటున్నది నేనే అని కూడా తెలిసింది, అందుకని ఎక్కువ అరవను.

ఒక్క కబురు చెప్పి ముగిస్తాను. మొన్న శుక్రవారం ఒక చిన్న సినిమాకి వెళ్ళాను. పోస్టర్ మీద ఉన్నవాళ్ళెవరో తెలియదు. టికెట్లిచ్చే అబ్బాయి నాతో కలిపి నాలుగు లెక్కపెట్టి, "పది తెగితేనే ఆట వేస్తాం సార్, కాసేపు చూడండి" అన్నాడు. చూశాం. ఒక భార్యాభర్తలు, ఒక కాలేజీ కుర్రాడు, నేను. పావుగంట తర్వాత ఆరయ్యాం. కుర్రాడు తన డబ్బులతో ఇంకో నాలుగు టికెట్లు కొన్నాడు, ఆట పడింది. ముప్పావుగంట చూశాను. బాగుంది. నిజంగా బాగుంది. కానీ బండి బయట ఎండలో ఉంది, ఎలాగూ నెలలో ఓటీటీలోకి వస్తుంది కదా అనిపించింది. ఇంటర్వెల్‌లో లేచాను. ఆ కుర్రాడు నావైపు చూశాడు. "ఇంట్లో పిల్లాడు ఏడుస్తున్నాడంట" అన్నాను.

ఆ సినిమా పేరు ఇక్కడ రాయడం లేదు. పదిహేనేళ్ళకి మీరు ఎలాగూ వస్తారు. అప్పటికి నేను మొదటి రోజే హాల్లో చూశానని చెప్పుకోవాలి కదా, టికెట్టు ముక్క దాచిపెట్టాను.

ఇట్లు,
మీ రాక కోసం ఇంటర్వెల్ నుంచీ ఎదురుచూస్తున్న
ఒక అప్పటి జనం