ఓర్పా వాళ్లమ్మ ఏమని అడిగి ఉంటుంది?
బైబిలు ఆధారంగా కథ రాసేటప్పుడు అందులో లేని మాట ఒక్కటి కూడా పాత్రల నోట పెట్టకూడదని మీ వ్యాసంలో రాశారు. అక్కడే నాకు పేచీ. బైబిలు పాత నిబంధనలోని రూతు గ్రంథం మొత్తం 4 అధ్యాయాలే. అందులో భర్తలు పోయిన ఇద్దరు మోయాబు కోడళ్లు, రూతు, ఓర్పా, అత్త నయోమి వెంట ఆమె ఊరు బేత్లెహేముకు బయల్దేరతారు. మొదటి అధ్యాయం 14వ వచనంలో ఓర్పా ఏడ్చి, అత్తకు ముద్దుపెట్టి వెనుదిరుగుతుంది; రూతు మాత్రం అత్తను వదలదు. ఆ తర్వాత ఓర్పా ఏమైందో బైబిల్లో ఎక్కడా లేదు. భర్త పోయి, ఒంటరిగా మోయాబులో పుట్టింటి గడప తొక్కిన కూతుర్ని చూసి వాళ్లమ్మ ఏదో ఒకటి అడిగే ఉంటుంది కదా? మా బెంగళూరు తెలుగు సంఘం క్రిస్మస్ సంచికకు ఆ ఒక్క రాత్రి మీదే కథ రాశాను. కల్పించిన మాటల గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఒక పెద్దాయన మాత్రం ఒక వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, "అమ్మా, మోయాబులో పండుమిరప పచ్చడా?" అన్నారు. నిజమే, మిరప అమెరికా ఖండాల పంట, పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మనకే తెలియదు. (గుంటూరు నాలుక, ఏం చేస్తాం!) అది కొట్టేసి యవల రొట్టె, ఒలీవ నూనె పెట్టాను. బైబిల్లో ఉన్నదాన్నే మార్చి, రూతుతోపాటు ఓర్పాను కూడా నేను బేత్లెహేముకు పంపిస్తే అప్పుడు తిట్టండి, పడతాను.