కార్డు లేకపోతే కాన్పు ఆగుతుందా?

2022 నవంబరులో కర్ణాటకలోని తుమకూరులో జరిగింది అప్పుడే మర్చిపోయాం. తమిళనాడు నుంచి వచ్చిన ఒక నిండు గర్భిణి నొప్పులతో ప్రభుత్వాసుపత్రికి వెళ్తే తాయి కార్డు (అక్కడ గర్భిణులకు ఇచ్చే కార్డు) ఏది, ఆధార్ ఏది అన్నారు. రెండూ లేవు. ఇంటికి తిరిగొచ్చి కవలల్ని కంది, ఆ పసికందులతో పాటే తానూ పోయింది. సిబ్బందిని సస్పెండ్ చేశారు, అత్యవసరంలో కాగితాలు అడగొద్దని ఆదేశాలొచ్చాయి. కన్నడంలో తాయి అంటే అమ్మే. అమ్మ పేరు పెట్టుకున్న కార్డు కోసం ఒక అమ్మను గుమ్మంలోంచే పంపేశారు!

ఇది మన గొడవ కాదనుకోవద్దు. బెంగళూరులో సర్జాపుర రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్ల వెనక రేకుల షెడ్లలోకి వెళ్తే తెలుగు బాగానే వినిపిస్తుంది. అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి మొగుడూ పెళ్లాలు జంటగా వచ్చినవాళ్లే. ఊళ్లో ఆశా కార్యకర్త మూడో నెలలో పేరు రాసుకుని కార్డు ఇస్తుంది, ఐదో నెలలో బస్సెక్కితే ఆ కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని బియ్యం డబ్బాలోకి చేరుతుంది, అందులో తర్వాతి గళ్లన్నీ ఖాళీ. ఇక్కడి షెడ్డేమో ఏ ఆశా లెక్కలోకీ రాదు, పని అయిపోతే షెడ్డే ఉండదు కదా. చివరికి కాన్పుకని పుట్టింటికి వెళ్తే అక్కడి నర్సు అడిగే మొదటి మాట, ఇన్నాళ్లూ ఎక్కడ చూపించుకున్నావమ్మా అని.

ఆ ఖాళీ గళ్లలో రాయాల్సినవి పెద్ద ఖర్చు పరీక్షలేం కావు. బీపీ 140/90 దాటిందా, హిమోగ్లోబిన్ 7 కంటే దిగిందా, అంతే. కాళ్లు వాచి తలనొప్పి వస్తుంటే పొద్దంతా ఎండలో ఇటుకలు మోశాం కదా అని పడుకుంటారు, అది ఫిట్స్‌కి దారితీసే బీపీ అని చెప్పేవాళ్లుండరు. రక్తం తక్కువున్న మనిషి కాన్పులో కాస్త ఎక్కువ రక్తం పోయినా తట్టుకోలేదు.

2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రలో 45, కర్ణాటకలో 69. దక్షిణాదిలో ఎక్కువ ఇక్కడే. మరి మన ఊరి నుంచి వచ్చి ఇక్కడి షెడ్డులో కడుపుతో ఉన్న ఆడమనిషి బాధ్యత ఎవరిది? నెలనెలా 9వ తేదీన ఉచిత పరీక్షలని 2016 నుంచి పథకం ఉంది, మంచిదే, కానీ పొద్దున వెళ్లి క్యూలో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది, తోడు వెళ్లినందుకు మొగుడి కూలీ పోతుంది. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు ఉండాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపించాలి. జంట కూలి మొగుడి పేరున రాసే మేస్త్రీ దగ్గర ఆ కాగితం ఎక్కడ పుడుతుంది?

మేం అడిగేది కొత్త పథకం కాదు. ఏ రాష్ట్రంలో ఇచ్చిన కార్డయినా ఇక్కడ చెల్లాలి, ఊళ్లో రాసిన వివరాలు ఇక్కడి కంప్యూటర్లో కనిపించాలి. ఈ కార్మికుల సంక్షేమానికని బిల్డర్ల దగ్గర సెస్సు వసూలు చేస్తున్న ప్రభుత్వం, షెడ్డు వేసిన ప్రతి సైటునూ దగ్గరి ఆరోగ్య కేంద్రం లెక్కలో రాయించాలి. బీపీ మిషను, రక్తం చూసే కిట్టు పట్టుకుని ఒక నర్సు వారానికోసారి అక్కడికే రావాలి. పగలు వద్దు, సాయంత్రం ఆరు దాటాక వస్తే చాలు, ఆడవాళ్లందరూ పొయ్యిల దగ్గరే ఉంటారు.