యుద్ధకాలపు న్యూస్‌రీలు గారికి ఓ ప్రేక్షకుడి బహిరంగ లేఖ

న్యూస్‌రీలు గారూ, నమస్తే.

మేము మీకు గుర్తుండకపోవచ్చు గానీ, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సినిమాకి ముందు తెల్లోడి సర్కారు వేయించిన ప్రచార వార్తల ఫిల్మ్ మీరే కదా, మా తాతల్ని చీకట్లో కూర్చోబెట్టి 22 నిమిషాలు క్లాసు పీకేవారు. వాళ్ళు నేల టికెట్టు కొనుక్కుంది నాగయ్య గారి పాట కోసం, తెర మీదికి ముందు వచ్చేది మాత్రం మీరు. లెక్క ఎలా వచ్చిందంటారా, 1943లో డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ అనే యుద్ధకాలపు చట్టం కింద ఆర్డరు వేశారు కదా, దేశంలో ఏ హాల్లో ఏ ఆట ఆడినా సర్కారు ఓకే చేసిన ఫిల్మ్ 2000 అడుగుల దాకా వేసి తీరాలని. నిమిషానికి 90 అడుగులు తిరుగుతుంది ప్రొజెక్టరు, మీరే భాగించుకోండి. పైగా ఇది ఫ్రీ కూడా కాదు, మిమ్మల్ని ఆడించినందుకు హాలు ఓనరే మీకు అద్దె కట్టాలి! పిలవని పెళ్ళికొచ్చి, మొదటి బంతిలో కూర్చుని భోంచేసి, వెళ్తూ వెళ్తూ పెళ్ళివాళ్ళ దగ్గరే బస్ చార్జీలు వసూలు చేసినట్టుంది మీ వ్యవహారం.

అంతటితో ఆగారా అంటే అదీ లేదు. ముడి ఫిల్మ్ అంతా బయటి దేశాల నుంచి రావాలి, యుద్ధం వల్ల షార్టేజీ, నిజమే, ఒప్పుకుంటా. దాంతో 1942లో సినిమా అంటే 11,000 అడుగులు దాటకూడదు, ట్రైలరైతే 400 అడుగులు అన్నారు. అప్పటిదాకా మన పౌరాణికాలు మూడు గంటలు హాయిగా సాగేవి, ఒక్క పద్యం అందుకుని రాగం తీస్తేనే ఆ 400 అడుగులు అయిపోయే కాలం అది. దేవుళ్ళ రాగాలకి కత్తెర పడింది, మీ 2000 అడుగులకి మాత్రం ఫిల్మ్ ఎక్కడి నుంచో దొరికింది. తర్వాత నిర్మాతలతో కూడా, బాబూ ముడి ఫిల్మ్‌కి లైసెన్సు కావాలంటే యుద్ధానికి పనికొచ్చే సినిమా ఒకటి తీసిపెట్టండి అని బేరం పెట్టారు, 1945లో వచ్చిన తమిళ 'బర్మా రాణి' లాంటివి అలా పుట్టినవే.

ఇంతకీ మీరు చెప్పిందేంటి? ఇది మీ యుద్ధం, సైన్యంలో చేరండి, డబ్బు పొదుపు చేసి సర్కారుకివ్వండి, పంట ఎక్కువ పండించండి. ఇంగ్లీషులో, హిందుస్తానీలో, బెంగాలీలో, తమిళంలో, ఆఖరికి తెలుగులో కూడా చెప్పారు. అంత ఓపిగ్గా మా భాషలో చెప్పించినందుకు థాంక్స్. కాకపోతే 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో దొర మేము కూడా యుద్ధంలో ఉన్నామని ప్రకటించేటప్పుడు ఒక్క మనిషిని కూడా ఏ భాషలోనూ అడగలేదు, ఆ కోపంతోనే మద్రాసులో రాజాజీతో సహా కాంగ్రెసు మంత్రివర్గాలన్నీ రాజీనామా చేసి ఇంటికెళ్ళిపోయాయి. అడగాల్సిన రోజున అడక్కుండా, నాలుగేళ్ళ తర్వాత నాగయ్య పాటకి అడ్డంపడి బతిమాలడం ఏం పద్ధతండీ?

మీరంటే నాకు మొదట్నుంచీ చులకన అనుకోవద్దు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ హార్బరు మీదా కాకినాడ మీదా బాంబులేశాయి, తీరం ఊళ్ళ జనం మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకి పరిగెత్తారు. మద్రాసులో గవర్నమెంటు ఆఫీసులే లోపలికి తరలిపోయాయి, బాంబు పడితే బోనుల్లోంచి బయటికొస్తాయని జూలో పులుల్నీ సింహాల్నీ కాల్చి చంపారు. అలాంటి రోజున ఏం జరుగుతోందో, సైరన్ మోగితే ఎక్కడ దాక్కోవాలో నిజం చెప్పే ఫిల్మ్ ఒకటి వస్తే జనం డబ్బులిచ్చి మరీ చూసేవారు. కానీ సర్కారు వాళ్ళే పెట్టె సర్దుకుంటుంటే మీరు మాత్రం ఎంతని ధైర్యం చెప్పగలరు.

అదే ఏడాది ఆగస్టు 12న తెనాలిలో క్విట్ ఇండియా అన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, ఏడుగురు చచ్చిపోయారు, రణరంగ చౌక్‌లో వాళ్ళ విగ్రహాలు ఇప్పటికీ ఉన్నాయి చూసి రండి. మరుసటి ఏడాదికల్లా మీరు కంపల్సరీ అయ్యారు. బజార్లో తుపాకీ పట్టుకున్నది ఏ ప్రభుత్వమో తెర మీద మమ్మల్ని కాపాడుతున్నానన్నదీ అదే ప్రభుత్వం, మధ్యలో హాలు గోడ ఒక్కటే అడ్డం. మిమ్మల్ని తీసిన వాళ్ళనీ నేను తిట్టను, వాళ్ళలో చాలామంది పనోళ్ళే, డైరెక్టర్ శాంతారాం అంతటివాడు మిమ్మల్ని తీయించిన సర్కారు ఫిల్మ్ అడ్వైజరీ బోర్డులో చీఫ్ ప్రొడ్యూసర్‌గా కొన్నాళ్ళు చేసి బయటికొచ్చేశాడు, తర్వాత ఎజ్రా మీర్ నడిపించాడు. పనితనానికి లోటు లేదు, నమ్మకానికే లోటు.

25 లక్షల మంది సైన్యంలో చేరారు, అంతా మా మహిమే అని మీ బయోడేటాలో రాసుకుంటారని తెలుసు. రాసుకోండి. నాకైతే జీతం, రెండు పూటలా తిండి, కాళ్ళకి బూట్లు, ఇంటికి మనియార్డరు, ఇవే ఎక్కువ మందిని చేర్పించాయనిపిస్తుంది. కరువు ఊళ్ళో కుర్రాడికి మీ మిలిటరీ మ్యూజిక్ వినబడక్కర్లేదు.

కరువంటే గుర్తొచ్చింది. 1943లో బెంగాల్లో దాదాపు 30 లక్షల మంది పోయారు, అక్కడి ప్రభుత్వం అధికారికంగా కరువని ప్రకటించనే లేదు. ఆగస్టులో కలకత్తా స్టేట్స్‌మన్ పేపరు ఫోటోలు వేశాక గానీ ప్రపంచానికి తెలీలేదు. ఇక్కడ గుంటూరు, కృష్ణా పల్లెల్లో ఏం జరిగిందో చెప్తా వినండి, మీకు ప్రొఫెషనల్‌గా పనికొస్తుంది. కమ్యూనిస్టుల కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి వాళ్ళు, షేక్ నాజర్ లాంటివాళ్ళు, బెంగాల్ కరువు మీద బుర్రకథ కట్టారు. తంబురా పట్టుకుని కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు, ఒకడు జోకులేస్తాడు, ఇంకొకడు రాజకీయం మాట్లాడతాడు, అంతే సెటప్పు. కరెంటు లేదు, ప్రొజెక్టరు లేదు, రూలు నంబరు అసలే లేదు. జనం తాటాకు చాపలు వేసుకుని రాత్రంతా కూర్చున్నారు, ఎక్కడో ఉన్న బెంగాలీ తల్లుల కోసం ఏడ్చారు, ఉన్నంతలో ఇచ్చారు. అదీ ప్రాపగాండానే కదా అంటారేమో, అవును, అప్పటికి కమ్యూనిస్టులు ప్రజాయుద్ధం అంటూ యుద్ధానికి మద్దతిస్తున్నారు, అంటే మీరూ వాళ్ళూ ఒకే పక్షం! ఐనా మీరు చెప్తే బీడీ కాల్చుకోడానికి బయటికెళ్ళిన మనిషే వాళ్ళు చెప్తే తెల్లారేదాకా కదల్లేదు. ఆ వంత మధ్యలో ఆపి మునసబు గారిని వెక్కిరించేవాడు మరి, మీరు ఎవర్ని వెక్కిరించగలరు.

మీ జర్మనీ బంధువు కథ ఇంకా ఘోరం లెండి. హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ గారు యుద్ధం ఓడిపోతున్న టైములో ఫ్రంట్ నుంచి వేలాది సైనికుల్ని ఎక్స్‌ట్రాలుగా తెప్పించి 'కోల్‌బెర్గ్' అనే ఊరి పేరుతో కలర్ సినిమా తీయించాడు, ఊరు లొంగదు, ప్రాణాలు పోయినా లొంగదు అని కథ. 1945 జనవరి 30న రిలీజు, ఫ్రాన్స్‌లో జర్మన్ సైనికులు ముట్టడిలో ఉన్న లా రోషెల్‌కి ప్రింటుని పారాషూట్‌తో జారవిడిచారు, అక్కడున్న సైనికులు కోరుకున్నది బహుశా రొట్టెలేమో. మార్చిలో అసలు కోల్‌బెర్గే శత్రువు చేతిలో పడిపోయింది.

సరే, యుద్ధం అయ్యాక 1946లో మీ దుకాణం మూసేశారు, మేమూ పీడ విరగడైందనుకున్నాం. తమాషా ఏంటంటే 1947 ఆగస్టు 15న, ఇన్నేళ్ళలో జనం నిజంగా చూడాలనుకున్న ఒకే ఒక్క న్యూసు జరుగుతున్న రోజున, తీయడానికి సర్కారు ఫిల్మ్ యూనిట్టే లేదు, విదేశీ కెమెరాలూ ప్రైవేటు వాళ్ళూ తీసిందే మిగిలింది. వెంటనే నాలుక్కరుచుకుని 1948లో ఫిల్మ్స్ డివిజన్ అని సర్కారు ఫిల్ముల సంస్థ పెట్టారు, తెల్లోడి రూలునే కాస్త తుడిచి మళ్ళీ హాళ్ళ లైసెన్సుల్లో పెట్టారు, 1999లో సుప్రీంకోర్టు కూడా అది సబబే అంది. వాళ్ళు మంచి డాక్యుమెంటరీలు చాలానే తీశారు, కాదనను, కానీ సినిమాకి లేటుగా వెళ్ళే కళ మా జాతికి నేర్పింది మాత్రం మీ కుటుంబమే.

ఇప్పుడు అసలు విషయం. మీరు దిగులు పడకండి, మీ వారసులు బ్రహ్మాండంగా ఉన్నారు. వాళ్ళకి రూలూ అక్కర్లేదు, 2000 అడుగుల లిమిటూ లేదు. ఆర్మా 3 అని ఓ వీడియో గేమ్ ఉంది, అందులో విమానం కూలే క్లిప్పులు తీసి ఉక్రెయిన్ యుద్ధం అని తిప్పారు, చివరికి ఆ గేమ్ కంపెనీయే 2022లో బాబోయ్ ఇది మా గేమండీ అని ప్రకటన ఇచ్చుకోవాల్సొచ్చింది. 2025 మేలో పాకిస్తాన్‌తో పోరు జరిగినప్పుడు మన దగ్గరా అలాంటి గేమ్ క్లిప్పులే అసలు దాడులని తిరిగాయి, టీవీల్లో ఊరికే సైరన్లు మోగించొద్దు, నిజంగా మోగినప్పుడు జనం పట్టించుకోరు అని కేంద్ర హోంశాఖ ఛానళ్ళకి చెప్పాల్సొచ్చింది. మీ కాలంలో జనం తప్పించుకుని బయటికెళ్ళేవారు, ఇప్పుడు మేమే డేటా డబ్బులు కట్టి డౌన్‌లోడ్ చేసి, చూసి, పది మందికి పంపి, ఇంకా రాలేదేంటని ఎదురుచూస్తున్నాం. హాలు ఓనరు దగ్గర అద్దె కోసం తిరిగిన రోజులు తల్చుకుంటే మీకు కళ్ళనీళ్ళు తిరగట్లేదూ?

ఉండబట్టలేక రాస్తున్నా, మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయి ఓ క్లిప్పు పెట్టాడు, రాత్రిపూట రాకెట్లు సర్రుమని పోతున్నాయి, కింద ఓ మూల గేమ్ వాళ్ళ బుల్లెట్ల కౌంటరు కూడా స్పష్టంగా కనబడుతోంది. "బాబాయ్, ఇది గేమ్" అన్నా. "అయితే ఏంట్రా, మనవాళ్ళే గెలుస్తున్నారు కదా" అన్నాడు. దీనికేం చెప్పాలో మీ సర్వీసులో ఎవరైనా కనిపెట్టి ఉంటే తిరుగు టపాలో రాయగలరు.

ఇట్లు,
అసలు సినిమా మొదలయ్యాకే లోపలికొచ్చే ఓ ప్రేక్షకుడు