బెంచి వైసు గారికి, కట్టుడు పళ్ళు కట్టించినవాడు రాయునది

మహారాజశ్రీ బెంచి వైసు గారి దివ్య దవడలకు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. (ఉభయులంటే మీరూ నేనూ. నా టేకు చెక్క ఆ లెక్కలోకి రాదు.)

పని చేసే వస్తువును దవడల మధ్య బిగించి కదలకుండా పట్టుకునే మిమ్మల్ని, పాత ఇనుప సామాన్ల దుకాణంలో చూడగానే మనసు పారేసుకున్నాను. 4 అంగుళాల దవడ, పోత ఇనుప దేహం, మోసుకొచ్చిన ఆటోవాడు కూడా మూలిగేంత బరువు. “పట్టిందంటే ఉడుంపట్టే సార్” అన్నాడు దుకాణదారు. అబద్ధమేమీ కాదు. కాకపోతే ఉడుము గోడను పట్టుకుంటుందే గానీ కొరకదు.

పూజామందిరం తలుపు కోసం తెచ్చిన టేకు పలకను మొదటిసారి మీ నోటికి అందించాను. చిత్రిక పట్టడం పూర్తయ్యాక పిడి వదులు చేసి చూస్తే, రెండు వైపులా అడ్డగీతలూ ఐమూల గీతలూ! మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “గవ్వల చెక్క బాగా వచ్చింది, మందిరం ఎప్పుడు మొదలుపెడతారు?” అని అడిగింది. ఆ తర్వాత ఒక పొనికి ముక్కను ఇచ్చాను. కొండపల్లి బొమ్మలు చెక్కే ఆ మెత్తని కర్ర సంగతి తెలిసి కూడా ఇచ్చాను, తప్పు నాదే. అప్పడం నమిలినట్టు నమిలేశారు.

మీ తప్పేమీ లేదట. మా వీధి చివర వడ్రంగి పెద్దాయన మిమ్మల్ని చూసి ఒకటే నవ్వు. “ఇది ఫిట్టర్లది బాబూ. ఇనుప కడ్డీని ఆకురాయితో రాస్తుంటే జారకుండా ఈ పళ్ళు పెడతారు. పులిని తెచ్చి దూడను కాయమంటే ఎలా?” అంటూ నేల మీద చతికిలబడి, చెక్కను మడమ కింద నొక్కిపెట్టి ఉలి ఆడించారు. ఒక్క గీత పడలేదు. ఆ పాదానికి మర లేదు, పిడి లేదు, తుప్పు అసలే లేదు.

అందుకే మీ పళ్ళు, అంటే దవడల లోపలి గరుకు ఇనుప బిళ్ళలు, పీకేశాను. ఒక్కో దవడకు రెండేసి మరలు; నాలుగింటికీ రాత్రంతా కిరసనాయిలు పోసి ఉంచితే మూడు కదిలాయి. నాలుగోదాని కోసం స్క్రూడ్రైవర్ మీద సుత్తి వేయబోయి నా బొటనవేలి మీద వేసుకున్నాను. కరవడంలో మీరు, కొట్టుకోవడంలో నేను, మంచి జోడీ.

ఆ ఖాళీలో 12 అంగుళాల వెడల్పున, 19 మిల్లీమీటర్ల మందాన ప్లైవుడ్ పలకలు బిగించాను. అదే బలం మూడింతల వెడల్పున పరుచుకుంటే చెక్క నలగదు. మరల తలలు పలక లోపలికి బాగా దిగేలా గుంటలు తీశాను. పలకలు మీ ఇనుము కంటే అర అంగుళం ఎత్తు, నా రంపం పళ్ళు కూడా ఊడకుండా. మరో చమత్కారం ఉంది. మిమ్మల్ని బిగించే మర దవడల కంటే కిందుగా ఉండటం వల్ల, బిగించేకొద్దీ దవడలు పైన తెరుచుకుంటున్నాయి. అందుకని పలకల వెనుక పై అంచున ఒక పెళ్ళి శుభలేఖ అట్ట ముక్కలు దూర్చాను. ఇప్పుడు ముందు పై అంచులు కలుస్తాయి, తర్వాత మిగతాది. (ఆ పెళ్ళివారు ఇది చదవరనే ధైర్యం.)

చెప్పులు కుట్టే ఆయన దగ్గర తెచ్చిన తోలును గరుకు వైపు బయటికి ఉండేలా ఆ పలకలకు జిగురుతో అంటించాను. రెండు తోళ్ళూ ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్యలో దినపత్రిక పెట్టి, తెల్లవార్లూ మిమ్మల్నే బిగించి ఉంచాను. మీ కట్టుడు పళ్ళను మీ చేతే ఆరబెట్టించుకున్నాను.

ఇంకా ఒక మొండితనం మిగిలింది. పని చేసే చెక్కను నిలువుగా మీ దవడల్లో ఒక పక్కన పెడితే అటు పట్టి, ఇటు మూతి వంకర పెడుతున్నారు. రెండో కొసన అంతే మందం ముక్క ఒకటి పెట్టాక దారికి వచ్చారు. ఆ ముక్క ఏ పనీ చేయదు, ఊరికే పక్కన కూర్చుంటుంది, అది లేకపోతే మాత్రం పని జరగదు. మా ఆఫీసులో అలాంటివారు నలుగురున్నారు.

మీ అసలు పళ్ళకు నూనె రాసి బిస్కెట్ల డబ్బాలో భద్రంగా దాచాను, ఇనుప పని తగిలితే మళ్ళీ పెట్టిస్తాను. కాకపోతే సంక్రాంతి దగ్గర పడింది. ఆ డబ్బా ఎక్కడ పెట్టారని మా ఆవిడ ఇప్పటికి రెండుసార్లు అడిగింది.

ఇట్లు,
బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉన్న
మీ యజమాని