పదిహేను నిమిషాల బ్రేకు విద్య

కారు ముందు చక్రాల బ్రేకులను ఎవరైనా సరే ఇంటి దగ్గరే పదిహేను నిమిషాల్లో మార్చుకోవచ్చునని బోధించే వీడియోలు తెలుగులో పుంఖానుపుంఖాలుగా వెలువడుతున్నందుకు మనమందరం హర్షించవలసి ఉంది. నాలుగు బోల్టుల పనికి మెకానిక్కులు ఇంతకాలం మన జేబులు కొట్టారని ఆ వీడియోల గురువులు సెలవిస్తున్నారు. గురువుగారి చేతికి మసి అంటదు, ఆయన విప్పే బోల్టుకు తుప్పు ఉండదు, ఆయన తాకిన చక్రం వినయంగా ఊడి వస్తుంది. నేపథ్యంలో సంగీతం మోగుతుండగా చక్రంతో పాటు తిరిగే డిస్కును అదిమి ఆపే, అరిగిన ప్యాడ్ల స్థానంలో కొత్త ప్యాడ్లు ప్రత్యక్షమవుతాయి.

ఉపదేశం పొందిన శిష్యుడు ఆదివారం ఉదయం అపార్ట్‌మెంటు సెల్లార్‌లో సాధనకు దిగుతాడు. బండి నేల మీద ఉండగానే చక్రం నట్లను కాస్త వదులు చేసి, ఆ తరువాతే జాకీ ఎత్తాలన్న ముక్క వీడియోలో ఎగిరిపోయింది కనుక, ఆయన ముందుగా జాకీయే ఎత్తుతాడు. బండి న్యూట్రల్‌లో ఉన్నందున స్పానర్ వేసి తిప్పినప్పుడల్లా నట్టుతో పాటు చక్రమూ తిరుగుతుంది. అప్పుడు బావమరిదిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కిపట్టమంటాడు. నట్లు వదులై చక్రం వస్తుంది, ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ కూడా ఊడి వచ్చి, తన బరువంతా సన్నని రబ్బరు గొట్టం మీద మోపి వేలాడుతుంది. బావమరిదిని మాత్రం దిగమని ఎవరూ చెప్పరు. ఈలోగా వాచ్‌మన్ టార్చి పట్టుకుంటాడు, రెండో అంతస్తు అంకుల్ కాఫీ గ్లాసుతో పర్యవేక్షణకు విచ్చేసి, “ముందు ప్రెషర్ చూసుకోవాలయ్యా” అని సలహా ప్రసాదిస్తారు. “తొక్కమంటావా బావా?” అని లోపలి నుంచి కేక. “తొక్కరా!” అని బయటి నుంచి ఆజ్ఞ. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కనుక సీ-క్లాంపు అనే బిగింపు పనిముట్టు వేసి నెమ్మదిగా క్యాలిపర్ లోపలికి నెట్టవలసిన, ప్యాడ్లను తోసే పిస్టన్, బావమరిది విధేయత కొద్దీ తొక్కిన ప్రతిసారీ ఇంకాస్త బయటికి వచ్చి, చివరికి పూర్తిగా ఊడిపడుతుంది. దాని వెనుకే బ్రేక్ ఆయిల్ గచ్చు మీదికి ధార కడుతుంది. తడిసిన చేత్తోనే శిష్యుడు పక్క ఫ్లాటు వారి కారుకు ఆనుకుని నిట్టూరుస్తాడు. ఆ ఆయిల్ కారు రంగును తినేస్తుందన్న రసాయన శాస్త్రం అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో అందరికీ బోధపడుతుంది. అంకుల్ మాత్రం “నేను చెప్తూనే ఉన్నాను” అంటూ లిఫ్టు ఎక్కుతారు.

డిస్కు మీద అచ్చు వేసి ఉండే కనీస మందం అంకెను చదవకపోవడం, క్యాలిపర్ జారే పిన్నులకు గ్రీజు పెట్టకపోవడం వంటి చిల్లర లోపాలను క్షమించవచ్చు. ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్‌బెస్టాస్‌పై మన దేశంలో పూర్తి నిషేధం లేని రోజుల్లో, అది కలిసి ఉండగల పాత ప్యాడ్ల దుమ్మును నోటితో ఉఫ్ఫుమని ఊదే గురువుగారి ఊపిరితిత్తులు ఆయన సొంత ఆస్తి అనుకుందాం.

అయితే ఆయన పని ముగించి, చక్రం బిగించి, “చూశారా, ఎంత సులువో!” అంటూ నేరుగా తాళం తిప్పి బండిని కదిలించే దృశ్యం చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. వెనక్కి నెట్టిన పిస్టన్‌కూ ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య ఖాళీ మిగులుతుంది. పెడల్‌ను పదే పదే తొక్కి, అది కాలికి గట్టిగా తగిలేదాకా ఆ ఖాళీని పూడ్చకపోతే, మొదటిసారి తొక్కిన బ్రేకు నేలకు అంటుకుంటుందే తప్ప బండిని ఆపదు. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది కనుక ఆపే భారంలో అధిక భాగం ముందు చక్రాలదే. సరిగ్గా ఆ చక్రాలకే బ్రేకు లేని బండిని మరో శిష్యుడు సెల్లార్ ర్యాంపు మీదికి తీసుకువెళ్తాడు. ఆ ర్యాంపు మీద ఆదివారం పూట పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు! ఇది సులువా? ఎవరి బిడ్డల ప్రాణాలతో సులువు? స్టాండు పెట్టకుండా, కనీసం ఊడదీసిన చక్రాన్నయినా బండి కిందికి తోయకుండా, ఒక్క జాకీని నమ్ముకుని తల లోపలికి దూర్చి చూపించిన మనిషికి తన ప్రాణమంటే లక్ష్యం లేకపోవచ్చు. ఎదుటివారి ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు ఎవరిచ్చారు?

విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్కు దగ్గర పని నేర్చుకునే కుర్రవాడు సైతం బండిని బయటికి తీయడానికి ముందు పెడల్ తొక్కి చూస్తాడు. సబ్‌స్క్రైబ్ చేయమనీ గంట నొక్కమనీ పదే పదే బతిమాలే గురువుగారికి, “కదిలించే ముందు బ్రేకు గట్టిపడేదాకా తొక్కండి” అన్న ఒక్క వాక్యానికి వ్యవధి దొరకడం లేదు. వీడియో ముఖచిత్రం మీద నోరు తెరిచిన తన ముఖం పక్కన ఎర్ర బాణం గుర్తు వేస్తారు కదా, ఆ బాణం తీసేసి అక్కడ రాసినా సరిపోతుంది.